కొత్తగా కార్డు వచ్చిన పిల్లలతో అండమాన్‌లో లోతు తక్కువ స్కూబా సెలవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదే స్కూబా డైవింగ్ నేర్చిన పిల్లలకు ఇచ్చే జూనియర్ ఓపెన్ వాటర్ కార్డు చేతికి వచ్చిన వారానికే ఇంట్లో అండమాన్ మాట మొదలవుతుంది, దాని వెనకే సందేహాలూ మొదలవుతాయి. బంధువులు, స్నేహితులు నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలను ప్రయాణం సాగే వరుసలో ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న దగ్గరే జవాబు పూర్తవుతుంది కాబట్టి మీకు కావలసినది మాత్రమే చదువుకోవచ్చు. నేను వైద్యుడిని కాను, ఇన్‌స్ట్రక్టర్‌నూ కాను. ఇద్దరు పిల్లలతో డైవ్ చేసిన తండ్రిని మాత్రమే.

## నిర్ణయం తీసుకునే ముందు

మా వాడికి పదేళ్లకే కార్డు వచ్చింది. దానితో ఎంత లోతుకు, ఎవరితో దిగవచ్చు?

స్కూబా శిక్షణ ఇచ్చి కార్డులు జారీ చేసే ప్యాడీ సంస్థ నియమాల ప్రకారం 10, 11 ఏళ్ల పిల్లలు 12 మీటర్ల లోతు దాటకూడదు. వారి వెంట ప్యాడీ ఇన్‌స్ట్రక్టరో డైవ్‌మాస్టరో (డైవ్‌ను నడిపించే నిపుణుడు), లేదా కార్డు ఉన్న తల్లి, తండ్రి, సంరక్షకులలో ఒకరో నీటిలో ఉండాలి. 12 నుంచి 14 ఏళ్ల వారు కార్డు ఉన్న పెద్దవారితో 18 మీటర్ల వరకు వెళ్లవచ్చు. 12 మీటర్లంటే సుమారు ఏడు నిలువులు. అది దాటకూడని గీత మాత్రమే, చేరి తీరవలసిన గమ్యం కాదు. మొదటి సెలవుల్లో నేను 8 మీటర్ల దగ్గరే ఆగాను. పగడాల రంగులు కూడా ఆ పై నీటిలోనే బాగుంటాయి, ఎందుకంటే లోతు పెరిగేకొద్దీ ముందుగా మాసిపోయేది ఎరుపే.

నాకూ కార్డు ఉంది కదా, నేనూ పాపా ఇద్దరమే దిగితే సరిపోదా?

నియమం ఒప్పుకుంటుంది, నేను ఒప్పుకోను. ఇద్దరిద్దరుగా జంటకట్టి దిగే బడ్డీ పద్ధతి అంతా ఒకరికి ఆపద వస్తే రెండోవారు ఆదుకోగలరన్న నమ్మకం మీద నిలబడి ఉంది. 35 కిలోల పిల్ల మీకు గాలి అందించగలదేమో కానీ, కాలు పట్టేసిన 80 కిలోల తండ్రిని అలల మీద పడవ దాకా లాగుకుని రాలేదు, ఆ పని ఆమె మీద పెట్టడం కూడా న్యాయం కాదు. అంటే కాగితం మీద మీకు బడ్డీ ఉన్నా, నీటిలో మీరు ఒంటరిగా దిగినట్టే, పైగా ఒక బిడ్డ బాధ్యత అదనం. అందుకే ముగ్గురి లెక్క పెట్టుకోండి: పాప, మీరు, డబ్బిచ్చి కుదుర్చుకున్న ఇన్‌స్ట్రక్టర్ లేదా డైవ్‌మాస్టర్. ఆ మూడో మనిషి ఆ డైవ్‌లో మీ కుటుంబాన్ని తప్ప ఇంకెవరినీ చూడకూడదని ముందే మాట తీసుకోండి. ఎనిమిది మంది గుంపులో కలిపి పంపితే ఆ మూడో మనిషి ఉన్నా లేనట్టే. పదీ పదిహేను డైవ్‌ల అనుభవం మాత్రమే ఉన్న తల్లిదండ్రులకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ దశలో మన తేలుడు మునుగుడు సరిచూసుకోవడానికే మన ధ్యాస సగం పోతుంది. ఈ సెలవుల ఖర్చులో నేను ఎన్నడూ తగ్గించని పద్దు ఇదొక్కటే.

నాకు డైవింగ్ రాదు. పిల్లవాడిని ఇన్‌స్ట్రక్టర్‌తో పంపవచ్చా?

పంపవచ్చు. పదేళ్ల పిల్లలకు నిపుణుడి తోడు ఉంటే నియమం పూర్తయినట్టే. మీరు పడవలోనే ఉండండి. దిగేముందు, పైకి వచ్చాక మీ ముఖం కనబడటం పిల్లలకు పెద్ద ధైర్యం.

పెద్దదానికి కార్డు ఉంది, ఎనిమిదేళ్ల చిన్నవాడికి లేదు. వాడినేం చేయాలి?

ఎనిమిదేళ్లు నిండిన పిల్లలకు ప్యాడీలో బబుల్‌మేకర్ అనే అనుభవం ఉంది. రెండు మీటర్ల లోతు దాటకుండా, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా గాలి పీల్చి చూడటం అంతే. అది ఉన్న చోటు దొరక్కపోతే స్నార్కెలింగ్ (నీటి పైనే తేలుతూ గొట్టంతో ఊపిరి పీలుస్తూ కిందికి చూడటం) చాలు. చిన్నవాడిని ఒడ్డున ఎవరు చూస్తారన్నది టికెట్లు కొనకముందే తేల్చుకోవాలి, లేకపోతే అమ్మో నాన్నో ప్రతి డైవ్‌కూ తొందరపడుతూ దిగవలసి వస్తుంది.

కోర్సులో చేరినప్పుడు వైద్య పత్రం నింపాం. మళ్లీ ఎందుకు అడుగుతారు?

పిల్లల ఆరోగ్యం నెలల్లోనే మారుతుంది కాబట్టి. ఉబ్బసం, మూర్ఛ, చెవికి శస్త్రచికిత్స, పుట్టుకతో వచ్చిన గుండె లోపం, ఏకాగ్రత లోపానికి వాడే మందులు వంటివి ఏవి ఉన్నా ప్రశ్నావళిలో అవునని రాసి, వైద్యుడి సంతకం తీసుకుని వెళ్లండి. సెలవులు పాడవుతాయన్న భయంతో "కాదు" అని రాయడం వల్ల మోసపోయేది డైవ్ సెంటర్ కాదు. అండమాన్‌లో డైవింగ్ జరిగే హేవ్‌లాక్ ద్వీపం చేరాక సంతకం కోసం వైద్యుడిని వెతకడం కంటే మీ పిల్లల వైద్యుడి దగ్గరే రెండు వారాల ముందు ఆ పని ముగించుకోవడం తేలిక.

పాపకు నిజంగా ఇష్టమో, మా కోసం ఒప్పుకుందో ఎలా తెలుసుకోవాలి?

ఈత కొలనులో మాస్క్ తీసి మళ్లీ పెట్టుకోమని చెప్పి చూడండి. ఇష్టం ఉన్న పిల్ల విసుక్కుంటూనైనా చేస్తుంది, భయం ఉన్న పిల్ల ఏదో ఒక సాకు వెతుకుతుంది. "దిగుతావా?" అని అడగకండి, ఎందుకంటే నాన్న మొహం చూసి "ఊఁ" అనేస్తారు. "రేపు డైవా, స్నార్కెలింగా, ఇసుకలో ఆటా?" అని మూడు దారులూ సమానంగా చూపిస్తే అసలు జవాబు వస్తుంది.

## చోటు, కాలం, డైవ్ సెంటర్

లోతు తక్కువ అంటే ప్రమాదమూ తక్కువే కదా?

కొన్ని విషయాల్లో అవును. గాలి ఎక్కువసేపు వస్తుంది, వెలుతురు బాగుంటుంది, పైకి వచ్చేటప్పుడు బుడగలు కట్టి జబ్బు చేయగల నైట్రోజన్ కూడా ఒంట్లో తక్కువే చేరుతుంది. కానీ ఊపిరితిత్తుల విషయంలో, చెవుల విషయంలో కథ తిరగబడుతుంది. నీటి ఉపరితలం మీద పీడనం ఒక అట్మాస్ఫియర్ అయితే 10 మీటర్ల దగ్గర అది రెండవుతుంది, అంటే మొదటి 10 మీటర్లలోనే పీడనం రెట్టింపు. ఆ తరువాత రెట్టింపు కావాలంటే 30 మీటర్ల దాకా పోవాలి. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులకు అంత చోటు లేదు. ఒకటి రెండు మీటర్ల నుంచి ఊపిరి బిగబట్టి లేచినా గాయమయ్యే అవకాశం ఉంది. భయపడిన పిల్లలు మొదట చేసే పని ఊపిరి బిగబట్టి పైకి దూసుకుపోవడమే కనుక, "ఊపిరి ఆపకు" అన్న ఒక్క నియమాన్ని లోతుతో సంబంధం లేకుండా ప్రతి డైవ్ ముందూ పలికించండి. దీనికి తోడు, లోతు తక్కువ చోట అలల ఊపు అడుగు దాకా అందుతుంది, పడవల రాకపోకలూ నెత్తి మీదే ఉంటాయి. అందుకని పడవలకు మన జాడ చూపే, పైన తేలే గుర్తు బుడగ లేకుండా ఎవరినీ దిగనివ్వను.

హేవ్‌లాక్‌లో పిల్లలకు ఏ సైట్లు (డైవ్ చేసే చోట్లు) అడగాలి?

2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారినా డైవర్ల నోట అది ఇంకా హేవ్‌లాకే. అక్కడ మొదటి రోజుకు నీమో రీఫ్ (రీఫ్ అంటే పగడపు దిబ్బ) సరైనది. ఒడ్డు నుంచి నడిచి దిగవచ్చు, ఇసుక నేల ఉంటుంది, కాస్త దూరంలోనే పువ్వుల్లా కనిపించే సముద్రపు అనిమోన్ల మధ్య క్లౌన్ చేపలు కనబడతాయి. రెండో రోజుకు లైట్‌హౌస్ అడగండి. అక్కడ రీఫ్ పైభాగం ఐదారు మీటర్ల దగ్గర మొదలై కిందికి జారుతుంది కాబట్టి పిల్లల లోతుకు తగ్గట్టు పైనే ఉండిపోవచ్చు. డిక్సన్స్ పినకిల్, జానీస్ గోర్జ్ పేర్లు పడవలో ఎంత ఊరించినా వద్దనండి. వాటి పైభాగమే పిల్లల హద్దుకు కింద ఉంటుంది, పైగా ప్రవాహం బలంగా ఉండే రోజులు ఎక్కువ. "పాప బాగా చేస్తోంది, తీసుకెళ్దాం" అని మమ్మల్ని ఒకసారి బుజ్జగించబోయారు. మేము ఆ రోజు ఇంకో సెంటర్‌కు మారిపోయాం.

అండమాన్‌లో మొసళ్లున్నాయని విన్నాం. నిజమేనా?

నిజమే. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల్లో, వాగులు సముద్రంలో కలిసే చోట తిరుగుతాయి. 2010లో హేవ్‌లాక్ తీరంలోనే ఒక అమెరికన్ పర్యాటకురాలు మొసలి వాత పడింది. హెచ్చరిక బోర్డు ఉన్న చోట, మడ చెట్ల దగ్గర, సందె వేళ పిల్లలను నీటిలోకి దించకండి. ఆ రోజు ఎక్కడైనా కనబడిందేమో డైవ్ సెంటర్‌లో ఉదయమే అడగండి. స్థానికులు ఆ ప్రశ్నను వింతగా చూడరు.

మా సెలవులకు ఏ నెల కుదురుతుంది?

జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం సాధారణంగా నిదానంగా ఉంటుంది, నీటి ఉష్ణోగ్రత 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఆడుతుంది. నైరుతి రుతుపవనాలు మే మూడో వారం ప్రాంతంలోనే అండమాన్‌ను తాకుతాయి కాబట్టి మన వేసవి సెలవుల్లో పనికొచ్చేది ఏప్రిల్ చివర, మే మొదటి వారం మాత్రమే. సంక్రాంతి సెలవులు ఇంకా మంచివి, కాకపోతే పండగ ఇంట్లో ఉండదు, టికెట్ల ధర కూడా పండగలాగే ఉంటుంది.

అండమాన్ దాకా ఎందుకు, విశాఖలో రుషికొండ ఉంది కదా?

ఉంది, అక్కడ డైవింగ్ చేయిస్తున్నారు కూడా. అయితే మన తూర్పు తీరంలో అలల తాకిడి ఎక్కువ, నీటి స్పష్టత రోజురోజుకూ మారుతుంది. చేయి చాస్తే వేళ్లు మసకగా కనిపించే నీటిలో అనుభవమున్న డైవర్ కుతూహలంతో వెతుకుతాడు, కొత్త పిల్లవాడు మాత్రం నాన్న ఏడని వెతుకుతాడు. పాతిక డైవ్‌లు దాటాక రుషికొండకు తప్పకుండా తీసుకెళ్లండి.

మేము అమెరికాలో ఉంటాం. అండమాన్ చాలా దూరం. ఇంకేదైనా చోటు ఉందా?

ఫ్లోరిడాలోని కీ లార్గో ఇలాంటి సెలవులకు బాగా నప్పుతుంది. జాన్ పెన్నెకాంప్ పార్కు పడవలు వెళ్లే రీఫ్‌లలో చాలావరకు 10 మీటర్ల లోపే ఉంటాయి. 1965లో నీటి అడుగున నిలిపిన కంచు క్రీస్తు విగ్రహం సుమారు 7 మీటర్ల లోతులో ఉంది. చేతులు పైకెత్తి నిలబడి ఉంటుంది కనుక పైనుంచి చూసినా పిల్లలకు దిగి వచ్చిన తృప్తి కలుగుతుంది.

డైవ్ సెంటర్‌కు డబ్బు కట్టేముందు ఏమి అడగాలి?

పిల్లల కొలత బీసీడీ (గాలి నింపి నీటిలో తేలుడు సర్దుకునే జాకెట్), చిన్న మౌత్‌పీస్ (నోట్లో పట్టుకుని గాలి పీల్చే భాగం) ఉన్నాయా. మా కుటుంబానికి విడిగా ఒక మనిషిని ఇస్తారా. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా, దానికి పిల్లల ముఖానికి సరిపోయే మాస్క్ ఉందా. అత్యవసరమైతే రీకంప్రెషన్ ఛాంబర్‌కు (ఒంట్లో బుడగలు కట్టిన డైవర్లకు పీడనంతో చికిత్స చేసే గది) ఏ దారిన, ఎంతసేపట్లో చేరుస్తారు. పాప చివరి నిమిషంలో దిగనంటే డబ్బు సంగతేమిటి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ సెంటర్ స్వభావం చాలా తెలుస్తుంది. "అలాంటిదేమీ జరగదు సార్, మేము దింపేస్తాం" అన్నచోట నేను డబ్బు కట్టలేదు.

## సామాను, సన్నాహం

అన్నీ అక్కడ అద్దెకు దొరుకుతాయి కదా, ఏమైనా కొనాలా?

మాస్క్ ఒక్కటి కొనండి. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొద్దిగా గాలి పీలిస్తే అది రాలిపోకుండా అతుక్కుని ఉండాలి. పిల్లల ముఖానికి ఈ పరీక్ష నెగ్గిన మాస్క్ అద్దె సామానులో దొరుకుతుందన్న నమ్మకం లేదు. నీరు చేరే మాస్క్ పిల్లల ఉత్సాహాన్ని చంపినంతగా ఏ చేపా భయపెట్టదు. కళ్లద్దాలు వాడే పిల్లలకు పవర్ ఉన్న గాజులు బిగించిన మాస్క్‌లు దొరుకుతాయి.

పాపకు పొడుగు జుట్టు. తలకు నూనె పెట్టి జడ వేయవచ్చా?

జడ వేయండి, నూనె వద్దు. నూనె నుదుటి మీదికి దిగితే మాస్క్ అంచు జారుతుంది, పట్టీ కూడా నిలవదు. నడినెత్తిన కొప్పు వేస్తే పట్టీకి చోటు ఉండదు కాబట్టి మెడ దగ్గర బిగుతుగా అల్లిన ఒంటి జడ మేలు. మాస్క్ అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీరు కారుతుంది. కాలి పట్టీలు, గొలుసు, జూకాలు గదిలోనే ఉంచండి. రీఫ్‌లో జారిపోయిన కాలి పట్టీ మళ్లీ దొరకదు.

పాలపళ్లు ఊడుతున్నాయి, పెద్దవాడికి బ్రేసెస్ ఉన్నాయి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోట్లో పట్టుకోగలరా?

బ్రేసెస్ సాధారణంగా అడ్డు కావు, మెత్తని మౌత్‌పీస్ అడగండి. ముందు పళ్లు కదులుతున్న పిల్లలకు మాత్రం దవడ త్వరగా అలసిపోతుంది కనుక కొలనులో ఇరవై నిమిషాలు పెట్టి చూసి నిర్ణయించుకోండి.

నీళ్లు వెచ్చగానే ఉంటాయి కదా, వెట్‌సూట్ అవసరమా?

అవసరమే. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. పిల్లల బరువుతో పోలిస్తే చర్మ విస్తీర్ణం ఎక్కువ కాబట్టి పెద్దలకు హాయిగా ఉన్న 28 డిగ్రీల నీటిలో వారు అరగంటకే వణుకుతారు. 3 మిల్లీమీటర్ల పొడుగు చేతుల సూటు ఒంటికి సరిగ్గా పట్టాలి. వదులుగా ఉంటే లోపల నీరు తిరుగుతుంది, ప్రయోజనం ఉండదు.

సిలిండర్ అంత బరువు ఎలా మోస్తాడు?

మోయనక్కరలేదు, మోయనివ్వకూడదు కూడా. మామూలు అల్యూమినియం సిలిండర్ ఒక్కటే 14 కిలోల పైన ఉంటుంది. పిల్లలు వెట్‌సూట్, ఫిన్స్ (కాళ్లకు తొడిగే ఈత రెక్కలు), మాస్క్‌తో నీటిలోకి దిగాక, తేలుతున్న బీసీడీని వారికి నీటిలోనే తొడగాలి. పైకి వచ్చాక నీటిలోనే విప్పి ఇవ్వాలి. చిన్న సిలిండర్ ఉంటే ఇంకా మంచిది.

కార్డు వచ్చి ఏడు నెలలైంది. నేరుగా రీఫ్‌కు వెళ్లవచ్చా?

వెళ్లకండి. బయలుదేరే ముందు కొలనులోనో, హేవ్‌లాక్‌లో మొదటి ఉదయం ఇసుక నేల మీదనో మాస్క్‌లో నీరు తీయడం, రెగ్యులేటర్ వెతుక్కోవడం, గాలి పంచుకోవడం మళ్లీ చేయించండి.

మా ప్రయాణ బీమా సరిపోతుందా?

పాలసీలో సాహస క్రీడల మినహాయింపు ఉందేమో చూడండి, చాలా వాటిలో ఉంటుంది. డైవింగ్ ప్రమాదాల కోసం డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వంటి సంస్థల సభ్యత్వం, బీమా విడిగా దొరుకుతాయి.

## నీటిలో

దిగగానే చెవి నొప్పి అంటాడు. ఏం చేయాలి?

పిల్లల్లో చెవినీ గొంతునీ కలిపే నాళం సన్నగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి గాలి సర్దుకోవడానికి పెద్దలకంటే ఎక్కువ సమయం పడుతుంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, తల నీటిలో ముంచిన క్షణం నుంచి ప్రతి అర మీటరుకూ ముక్కు మూసి మెల్లగా ఊదమనండి. తాడు పట్టుకుని కాళ్లు కిందికి పెట్టి దిగడం బోర్లా దిగడం కంటే సులువు. నొప్పి అంటే ఒక మీటరు పైకి లేచి మళ్లీ ప్రయత్నించాలి, రెండోసారీ కాకపోతే ఆ డైవ్ అక్కడితో ముగిసినట్టే. మా అమ్మాయి ఒకసారి మూడు మీటర్ల దగ్గర చేయి ఊపి చెవి చూపించింది. పైకి వచ్చేశాం, డబ్బు తిరిగి రాలేదు, చెవి మాత్రం బాగానే ఉంది. జలుబు ఉన్నప్పుడు మాత్ర వేసి దించడం తప్పు, ఎందుకంటే నీటి అడుగున మందు పని అయిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి చెవిలోనే ఇరుక్కుంటుంది. చెవి దిబ్బడకు నూనె చుక్కలు వేయడం, పిన్నీసుతో గుబిలి తీయడం ప్రయాణానికి వారం ముందు నుంచీ మానిపించండి.

రోజుకు ఎన్ని డైవ్‌లు, ఎంతసేపు?

మొదటి రోజు ఒకటి, తరువాత రోజుకు గరిష్ఠంగా రెండు, ఒక్కొక్కటి 30 నుంచి 40 నిమిషాలు. లోతు తక్కువ అయినా 5 మీటర్ల దగ్గర పైకి వచ్చేముందు మూడు నిమిషాలు ఆగే సేఫ్టీ స్టాప్ అలవాటు చేయించండి. పిల్లల చేతికి లోతు, సమయం లెక్కగట్టి చూపే సొంత డైవ్ కంప్యూటర్ ఉండాలి. సిలిండర్ మీటరులో గాలి 100 బార్‌కు, అంటే సుమారు సగానికి రాగానే వెనక్కి తిరగండి. మూడు రోజులు దిగితే నాలుగో రోజు ఒడ్డున గడపండి. డైవింగ్ వల్ల ఎదిగే ఒంటిపై ఏ ప్రభావం ఉంటుందన్న విషయంలో పరిశోధన పరిమితం కాబట్టి పెద్దల లెక్కల అంచు దాకా పోకపోవడమే మంచిది.

పడవలో వాంతులు అవుతాయి. ఏమీ తినకుండా పంపనా?

ఖాళీ కడుపు వాంతిని ఆపదు, నీరసం పెంచుతుంది. దిగడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, మంచినీళ్లు చాలు. పూరీ, పెసరట్టు ఉప్మా డైవ్ అయ్యాక. వాంతి మాత్ర మోతాదును పిల్లల వైద్యుడినే అడిగి ముందుగా ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడండి, కొందరికి నిద్ర ముంచుకొస్తుంది. అడుగున వాంతి వస్తే రెగ్యులేటర్ నోట్లోంచి తీయకుండా దానిలోకే కక్కవచ్చని ముందే చెప్పండి. పిల్లలు పడీ పడీ నవ్వుతారు, అందుకే బాగా గుర్తుంటుంది.

ఏ జీవుల గురించి హెచ్చరించాలి?

దేన్నీ తాకకపోతే దాదాపు అన్నీ సాధువులే. లయన్ చేప, రాయిలా పడి ఉండే స్టోన్ చేప, ముళ్ల అర్చిన్‌లు తాకితేనే ప్రమాదం. టైటాన్ ట్రిగ్గర్ చేప మాత్రం గూడు కాసేటప్పుడు తానే మీదికి వస్తుంది. దాని హద్దు గూటి నుంచి పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటులా ఉంటుంది కనుక పైకి లేవకుండా పక్కకు ఈది పోవాలి.

## తిరుగు ప్రయాణం, ఆ తరువాత

చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య ఎంత సమయం ఉండాలి?

ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బయటికి పోవాలి కాబట్టి, డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం ఒక్క డైవ్ తరువాత కనీసం 12 గంటలు, ఒకటికి మించిన డైవ్‌లు లేదా వరుస రోజుల డైవ్‌ల తరువాత కనీసం 18 గంటలు. పిల్లలతో 24 గంటలు నా లెక్క. హేవ్‌లాక్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే 2024లో పేరు మారిన శ్రీ విజయపురానికి, పడవలో ఎలాగూ రెండు గంటల దాకా పడుతుంది. చివరి రోజును సెల్యులార్ జైలు చూడటానికి కేటాయిస్తే ఆ గడువు దానంతట అదే గడిచిపోతుంది.

రుషికొండలో ఉదయం డైవ్ చేసి మధ్యాహ్నం అరకు వెళ్లవచ్చా?

వద్దు. విమానానికి చెప్పిన జాగ్రత్త 600 మీటర్ల పైన ఉన్న ఏ చోటికైనా వర్తిస్తుంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఘాట్ రోడ్డు అంతకంటే పైకి ఎక్కి దిగుతుంది. ముందు అరకు చూసి వచ్చి, తరువాత డైవ్ పెట్టుకోండి.

ఒడ్డున దొరికిన పగడపు ముక్క, గవ్వలు తెచ్చుకోవచ్చా?

తేకండి. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి, చచ్చిన ముక్క అయినా తేడా లేదు. విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుకుంటారు. గవ్వలలోనూ రక్షిత జాతులు ఉన్నాయి, వాటిని గుర్తుపట్టడం మనవల్ల కాదు. గుర్తుగా ఏదైనా కావాలంటే డైవ్‌ల వివరాలు రాసుకునే లాగ్‌బుక్‌లో చూసిన చేపల బొమ్మలు గీయించి, ఇన్‌స్ట్రక్టర్ సంతకం, సెంటర్ ముద్ర వేయించండి.

జూనియర్ కార్డు ఎప్పుడు పెద్దల కార్డు అవుతుంది? మళ్లీ పరీక్ష రాయాలా?

15 ఏళ్లు నిండితే ప్యాడీ జూనియర్ ఓపెన్ వాటర్ అర్హత మామూలు ఓపెన్ వాటర్‌గా మారుతుంది, పరీక్ష ఉండదు. అప్పటి వరకు లాగ్‌బుక్ జాగ్రత్తగా నింపుతూ ఉండండి. ఎందుకంటే కొత్త చోట డైవ్ సెంటర్ వారు కార్డుకంటే ముందుగా అడిగేది, చివరిసారి ఎప్పుడు దిగారు, ఎంత లోతుకు దిగారు అనే.